పై వాటా

పెళ్ళయి సరిగ్గా నలభై రోజులు. జనాభా నమూనా సర్వేలో చేరి పన్నెండు రోజులు. శిక్షణలో ఎవరి ఇంటి ఫారం వాళ్ళే నింపాలంటే, 'కుటుంబ సభ్యుల సంఖ్య' గడిలో 2 అని రాసి, ఎవరూ చూడకుండా దాన్నే మరోసారి దిద్దుకున్నాను. ఒకే వంట తినేవాళ్ళంతా ఒక కుటుంబమని మా సర్వే పుస్తకం చెబుతుంది. మా వంటింట్లో ఉన్నవి మూడు గిన్నెలు, ఒక మూత. అయినా మాది కుటుంబమే!

ఆ హుషారులోనే లిఫ్టు తాతగారి తలుపు కొట్టాను. ముప్పై నాలుగేళ్ళు ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపిన మనిషి. కింది వాటాలో ఒక్కరే ఉంటారు. కుర్చీ మీది పాత పేపర్లు తీసి, తుడిచి, మళ్ళీ తుడిచి, కూర్చోమన్నారు.

"ఇన్ని ఇళ్ళుండగా నన్నే ఎందుకమ్మా అడగడం?"

"అందర్నీ అడగలేం కదండీ. చీటీ తీసినట్టు కొన్ని ఇళ్ళు ఎంచుతారు. మీరు చెప్పేది ఇంచుమించు ఆరువందల ఇళ్ళ తరఫున చెప్పినట్టు."

"ఆరువందలే!" చొక్కా పై గుండీ పెట్టుకున్నారు. "అయితే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్పాలి."

అరగంట ఫారానికి గంటన్నర పట్టింది. గత వారం ఏం చేశారంటే ఏడు రోజులూ విడివిడిగా చెప్పారు. గురువారం గుర్తురాక చాలాసేపు కణత రుద్దుకున్నారు.

"రోజుకి వెయ్యిమందితో మాట్లాడేవాణ్ణమ్మా. 'ఏ అంతస్తండీ?' అని. అంతే అనుకో. అయినా మాటే కదా."

మర్నాడు మా సూపర్‌వైజరు ఫారం చూసి కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు.

"కొత్త పెళ్ళికూతురుగారూ, ఈ లోకంలోనే ఉన్నారా? జాబితాలో ఏముంది? పై వాటా. తమరు కింద కూర్చుని వచ్చారు. ఇది చెల్లదు."

"ఇంటి నంబరు ఒకటే సార్... ఆయన ఎంత బాగా చెప్పారో!"

"బాగా చెప్పేవాళ్ళనే ఏరుకుంటే అది సర్వే కాదమ్మా, కచేరీ." కళ్ళజోడు కిందికి దించుకుని, "ఒకటే దారి. పైవాళ్ళూ ఆయనా ఒకే వంట తింటుంటే ఒకే కుటుంబం. అప్పుడు ఇందులోనే ఇంకో వరస చేర్చొచ్చు. వెళ్ళి కనుక్కో. కనుక్కో అన్నాను, చెప్పించమనలేదు."

నేను గేటు తీస్తుండగానే తాతగారు తలుపు తీశారు. "గురువారం గుర్తొచ్చిందమ్మా! కొళాయికి వాషరు మార్చాను. రాసుకో."

జరిగింది చెప్పాను. నెమ్మదిగా కూర్చున్నారు.

"మరి నా ఆరువందల ఇళ్ళూ?"

"అవి పై వాటాకి వెళ్తాయండీ. పైన ఎవరుంటారు?"

"ఒక నర్సమ్మ. ఉన్నట్టే ఉండదు, అడుగుల చప్పుడు కూడా వినబడదు."

"భోజనం ఇద్దరూ కలిసేనా? ఒకే వంటేనా?" అడుగుతూనే, అవుననమన్నట్టు తల ఊపాను. నా పెన్ను అప్పటికే ఖాళీ వరస మీద ఉంది.

ఆయన ఆ వరసకేసి చూశారు. "అవునంటే నా ఫారం నిలుస్తుందా?"

"నిలుస్తుందండీ."

పైన నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలై ఆగింది.

"ఎనిమిది నెలలైందమ్మా ఆవిడొచ్చి. ఒక్క పూట కలిసి తినలేదు. కాదని రాసుకో."

"మరోసారి ఆలోచించి..."

"నేనొక్కణ్ణి అబద్ధమాడితే ఆరువందల ఇళ్ళు ఆడినట్టు కాదూ?"

ఫారం మీద మూల నుంచి మూలకి గీత కొట్టాను. కాగితం కదలకుండా ఆయనే అంచు పట్టుకున్నారు.

వెనకవైపు మెట్లెక్కాను. నర్సమ్మ గుమ్మంలో నిలబడే ఇరవై నిమిషాల్లో అన్నీ చెప్పేసింది. వంట ఇంకెవరితోనైనా కలిసి ఉందా అంటే నవ్వింది.

"ఎవరున్నారండీ? కింద ఒక పెద్దాయన ఉంటారు. నేను డ్యూటీ దిగొచ్చేసరికి తెల్లారుజామవుతుంది. ఆయనకి నిద్రాభంగం ఎందుకని చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కుతాను. అంతకుమించి పరిచయం లేదు."

ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో చెప్పనని ఉద్యోగంలో చేరినరోజే సంతకం పెట్టాను. సభ్యుల సంఖ్య గడిలో 1 అని రాసి, కింది వాటాకి వినబడేలా చెప్పులు టకటకలాడించుకుంటూ మెట్లు దిగాను.