కింద పెట్టిన కప్పు

జెరష్‌లో పుట్టినవాడెవడూ రోమన్ల నాటకశాలలో గోడవారన కూర్చుని గుట్టు మాట్లాడడు. మెట్ల వరసల కింద అర్ధచంద్రంలా తిరిగిన ఆ గోడకు గుండ్రటి గుంటలున్నాయి. ఒక గుంట దగ్గర గొణిగితే, ఎదుటి కొసన గుంటలో చెవి పెట్టినవాళ్లకు పక్కనే కూర్చుని చెప్పినట్టు వినిపిస్తుంది. గోడలకు చెవులుంటాయని లోకమంతా అంటుంది. ఈ ఊళ్లో గోడకు నోరు కూడా ఉంది.

ఇర్బిద్ నుంచి వచ్చిన ఫిక్రియ్యాకు నవ్వాఫ్ ఈ సంగతి ముందే చెప్పాడు. రాళ్లు మాట్లాడతాయా అని ఆవిడ నవ్వేసింది.

ఆవిడ కొడుకు అమ్జద్‌కు పెళ్లాం పోయింది. నవ్వాఫ్ కూతురు రుదైనాకు ముప్పై ఎనిమిదేళ్లు. పెద్దమనుషులు శుక్రవారం పిల్లనడగడానికి రానున్నారు. ఈలోగా ఒకరినొకరు చూసుకున్నట్టుంటుందని నవ్వాఫే అందరినీ నాటకశాలకు తీసుకొచ్చాడు. తన తాత కట్టించినంత గర్వం అతనికి ఆ రాళ్లంటే.

ఎండకు తాళలేక తల్లీకొడుకులు గోడ నీడన చతికిలబడి పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటున్నారు. ఎదుటి కొసకు వెళ్లి వింత చూపిస్తానని నవ్వాఫ్ కూతుర్ని వెంటబెట్టుకెళ్లాడు. రుదైనా వంగి గుంటలో చెవి పెట్టింది.

"మంచానపడ్డ మీ నాన్నకి పక్క మార్చడానికి ఇక ఎవర్నీ బతిమాలక్కర్లేదురా," అంటోంది ఫిక్రియ్యా. "ఈ వయసు పిల్ల ఎదురు చెప్పదు. ఎక్కడికి పోతుంది కనక?"

అమ్జద్ నవ్వాడు. "అందుకేగా ఒప్పుకున్నా. లేకపోతే ఆ మొహాన్ని రోజూ ఎవడు చూస్తాడమ్మా?"

రుదైనాకు తల కొట్టేసినట్టయింది. పక్కకు జరిగింది. నవ్వాఫ్ సరదాగా వంగి ఆ గుంటకే చెవి ఆనించాడు. చాలాసేపు లేవలేదు. అతని మెడ ఎర్రబడటం ఆమె చూసింది.

"ఏమన్నా వినపడిందా నాన్నా?"

"లేదమ్మా," అన్నాడు మోకాళ్లు దులుపుకుంటూ. "గాలి ఎక్కువగా ఉంది."

ఆకు కూడా కదలడం లేదు. అయినా రుదైనాకు కోపం రాలేదు, ధైర్యమే వచ్చింది. పిలిచి తీసుకొచ్చిన అతిథిని మొహం మీద అనడం తమలో లేదు. అనవలసిన చోటు వేరే ఉంది. ఆనవాయితీ ప్రకారం, పిల్లనడగడానికి వచ్చిన పెద్దమనిషి కాఫీ కప్పు అందుకుని, తాగకుండా కింద పెడతాడు. పిల్లనిస్తామన్న మాట వస్తేనే ముట్టుకుంటాడు. రాకపోతే కాఫీ చల్లారిపోతుంది, వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోతారు.

ఆ పని నవ్వాఫ్‌కు కొత్తేమీ కాదు. రుదైనా ఇరవై తొమ్మిదో ఏట ఇద్రీస్ అనే బడిపంతులు ఆమెను అడిగించాడు. అతనంటే ఆమెకు ప్రాణం. వంశం తెలియనివాడని నవ్వాఫ్ ఆ కాఫీని చల్లార్చేశాడు. తన మనసుకు నచ్చినవాడి మీద పెగిలిన నాన్న నోరు, తనను ఊడిగానికి తీసుకుపోయేవాడి మీద పెగలదా? ఆ నమ్మకంతోనే శుక్రవారం కాఫీ తనే కాచింది, యాలకులు దండిగా వేసి. చల్లారబోయే కాఫీ అయినా బాగుండాలనుకుంది.

గది నిండా మగవాళ్లు. రుదైనా తలుపు చాటున నిలబడింది. తెల్లగడ్డం పెద్దమనిషి కప్పు కింద పెట్టి, రెండు వంశాల గొప్పా తీరిగ్గా చెప్పి, అమ్జద్‌కు పిల్లనడిగాడు. అందరూ నవ్వాఫ్ వైపు తిరిగారు. అతను ఆ కప్పునే చూస్తూ ఉండిపోయాడు. అనెయ్యి నాన్నా, అనెయ్యి, అని ఆమె లోలోపల బతిమాలుకుంది.

"కాఫీ తాగండి," అన్నాడు నవ్వాఫ్. "మీరొచ్చిన పని అయింది."

కప్పులన్నీ ఒక్కసారే లేచాయి. ఒక్కొక్కరి జుర్రూ ఆమెకు విడివిడిగా వినిపించింది. ఆ గదికి రోమన్ల గోడతో పనిలేకపోయింది. పిన్నమ్మలు ముంగిట్లో నాలుకలాడిస్తూ జఘారీద్‌ల పెళ్లికేకలు మొదలెట్టారు.

కాసేపటికి నవ్వాఫ్ ఖాళీ కాఫీ కూజాతో వంటింట్లోకి వచ్చాడు. కూతురి మొహం చూడకుండా దాన్ని పొయ్యి పక్కన పెట్టాడు.

"ఆ రోజు గాలి లేదు నాన్నా," అంది రుదైనా.

"తెలుసమ్మా," అన్నాడు. "కాఫీ చాల్లేదు. ఇంకాస్త పెట్టు."