దారం ఏ వైపు

మా ఆయన టోర్‌లైవ్ కింది పెదవి మీద మానని పుండు క్యాన్సరని తేలి, కోసి తీసేశారు. ఇక పోయిందనే అనుకున్నాం. మా దేశ జాతీయ దినం, మే పదిహేడు ఊరేగింపు దగ్గరపడుతోంది. పెళ్లికి ముందు నుంచీ అతను మా ఊరి బ్యాండులో కార్నెట్ అనే ఇత్తడి బూర ఊదుతున్నాడు. కార్నెట్ మూతిని పెదవికి కుడివైపున ఆనిస్తాడు. మధ్యలో పెట్టమని నేర్పినవాళ్లు ఎంత పోరినా మారలేదు.

ఆసుపత్రి నుంచి మళ్లీ పిలుపొచ్చింది. కోసిన ముక్క ఒక చివర క్యాన్సర్ అంచుదాకా ఉందని ఆపరేషన్ చేసిన డాక్టర్ హౌగ్లాండ్ చెప్పింది. అంటే పెదవిలో ఇంకా మిగిలి ఉంది. ముక్కను పరీక్షకు పంపేముందు దిక్కు తెలియడానికి ఒక చివర దారంతో కుట్టు వేస్తారు. క్యాన్సర్ ఆ కుట్టున్న చివరే ఉందట. కానీ ఆ కుట్టు ఎడమకు వేశారో, కుడికి వేశారో ఆపరేషన్ కాగితంలో రాయలేదు.

"వేసింది మీరే కదా," అన్నాను.

"నేనేనండి. ఒక్కోసారి ఎడమకి వేస్తాను, ఒక్కోసారి కుడికి. గుర్తులేనిది గుర్తుందని చెప్పలేను."

ఆమె చూపు తిప్పుకోలేదు.

"బొమ్మా బొరుసా వేద్దామా డాక్టరుగారూ? ఎడమ పడేదాకా వేస్తాను," అన్నాడు టోర్‌లైవ్.

ఆమె నవ్వలేదు. తప్పు వైపు కోస్తే మిగిలిన క్యాన్సర్ మెడలోకి పాకవచ్చనీ, రెండు వైపులా కోయక తప్పదనీ చెప్పింది. ఆ తర్వాత ఊదగలడా అని అడిగాను. ఎడమ ఒక్కటే అయితే ఊదగలిగేవాడేమో గానీ, రెండూ కోస్తే ఊదలేడంది.

తిరుగు పడవలో అతను కాఫీ తాగకుండా కప్పు పట్టుకు కూర్చున్నాడు.

"బ్యాండువాళ్లకి నువ్వే చెప్పు గుడ్నీ. నేనైతే వాళ్లని నవ్వించబోయి ఏడ్చేస్తాను."

రెండో ఆపరేషన్‌లో మూతికే మత్తిచ్చారు కాబట్టి అతనికి అన్నీ వినిపించాయి. ఏ ముక్క ఏ వైపుదో, దారం ఎక్కడుందో డాక్టర్ పైకి చెప్పింది. నర్సు రాసి, తిరిగి చదివింది. పెదవి బొమ్మ గీసి గుర్తులు పెట్టాకే ముక్కలు సీసాల్లోకి వెళ్లాయి. ఇకమీదట అక్కడ అందరికీ అలాగే చేస్తారట.

ఫలితం పోస్టులో వచ్చింది. ఏ సందేహానికీ తావు లేకుండా రాశారు. ఎడమవైపు మిగిలిన క్యాన్సరంతా కోతలో వచ్చేసింది. కుడివైపు ముక్కలో క్యాన్సర్ లేదు.

"ఏమంటున్నారు?" అని వంటింట్లోకి వచ్చాడు. కుట్ల వల్ల మాట సరిగా రావడం లేదు.

"మొత్తం పోయిందట."

"కుడివైపు?"

కాగితం అతని చేతికిచ్చి, పొయ్యి వైపు తిరిగాను.