రుమాల్లో గడియారం

మూడు పెన్సిళ్లు చెక్కి, మొనలన్నీ ఒకవైపుకు వచ్చేలా బల్లమీద పేర్చి, ఆమె స్టాప్‌వాచీని నీలం రుమాల్లో చుట్టి ఒడిలో పెట్టుకుంది. మతిమరుపు మీద పరిశోధన కోసం పెద్దవాళ్ల జ్ఞాపకశక్తిని పరీక్షించడం ఆమె ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా అదే గది, అవే ప్రశ్నలు. జవాబు తప్పయినా ఒప్పయినా తన ముఖంలో కనిపించకూడదన్నది నియమం. వ్యాసాల మీద పేరు మాత్రం డాక్టరుగారిది. “సొమ్మొకడిది, సోకొకడిది” అని అటెండరు ఉడికిస్తే నవ్వేసి ఊరుకునేది. ఈ సాయంత్రంతో ఆ ఉద్యోగం అయిపోతుంది. ఇన్నేళ్ల పనివల్ల ఒక్కరికైనా మేలు జరిగిందా అన్నది ఆమెకు తేలనేలేదు.

రుమాలు సంగతి నియమాల్లో లేదు. మతిమరుపు ముదిరిన తల్లి ఒకనాడు ఏదో చెప్పబోయి మాట కోసం తడుముకుంటుంటే, “తొందరగా చెప్పమ్మా, నాకు టైమవుతోంది” అని కసిరింది. తల్లి నోరు మూసుకుంది. ఆ చెప్పబోయిందేమిటో ఇక తెలియలేదు. అప్పటినుంచి ఆమె ఎవరి ముందూ గడియారం బయటపెట్టలేదు.

ఆఖరున వచ్చినవాడు టైలరు. పద్నాలుగేళ్లుగా ఏటా వస్తున్నాడు. ఒక ఏడు ఆ రుమాలు అంచు చిరిగిందని చూసి, పట్టుకెళ్లి కుట్టి తెచ్చాడు. ఇవాళ ఆయన్ని కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, కూర్చోబెట్టి బయటికి వెళ్లింది.

“ఇది ఏ నెల, బాబాయ్?”

ఆయన కిటికీ వంక చూశాడు. “ఎండగానే ఉందమ్మా.”

గుర్తుపెట్టుకోమన్న మూడు మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. ఆమె మనసు చివుక్కుమంది. కాగితం సగానికి మడవమంటే మాత్రం, అంచుకు అంచు కలిపి, మడత మీద బొటనవేలి గోరు గీసి, మళ్లీ ఒకసారి తడిమి చూశాడు.

చివరి ప్రశ్న, ఇష్టమైన వాక్యం ఒకటి రాయడం. ఏటా “కత్తెర పదునుగా ఉండాలి” అని రాసి, “నాకింతకంటే కవిత్వం రాదు” అనేవాడు. ఈసారి పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. రుమాల్లో వాచీ ముల్లు రెండు చుట్లు తిరిగింది. ఆమె కాలైనా కదపలేదు.

“రాయాల్సింది ఉందమ్మా. వస్తోంది.”

“రానివ్వండి బాబాయ్.”

అక్షరాలు వంకరటింకరగా పడ్డాయి: “ఈ పిల్ల నన్ను ఎప్పుడూ తొందర పెట్టలేదు.”

యాభై ఎనిమిదేళ్ల ఆ పిల్లకు కళ్లు నిండాయి. వాక్యం పూర్తిగా ఉంది, అర్థం ఉంది. ఒక మార్కు వేసింది. తర్వాత ఇన్నేళ్లలో మొదటిసారి నియమం తప్పి, “చాలా మేలు చేశారు బాబాయ్” అంది.

“దేనికి తల్లీ?” అన్నాడాయన. రాసింది అప్పటికే మరిచిపోయాడు.

కూతురు వచ్చి తీసుకెళ్లింది. తల్లి ఆ రోజు మూసుకున్న నోరే తనకు ఇంత ఓపిక నేర్పిందనిపించింది ఆమెకు. తల్లికీ, టైలరుకీ, ఈ ఇరుకు గదికీ మనసులోనే దండం పెట్టుకుంది.

అయిదింటికి అటెండరుకు తాళం ఇచ్చింది.

“రేపొచ్చే కొత్తమ్మాయికి ఏమన్నా చెప్పాలా మేడం?”

“వాచీ బల్లమీద ఉంది. వచ్చినవాళ్ల ముందు రుమాలు విప్పొద్దని చెప్పు.”

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. గదిలో, చెక్కిన పెన్సిళ్ల పక్కన, నీలం రుమాలు చిన్న మూటలా ఉంది. దాని అంచు పొడవునా సన్నని కుట్లు, దగ్గర దగ్గరగా, ఒక్కటీ తొందరపడకుండా.