మిగిలిన వేడి

మా ఇంట్లో ఇస్త్రీ ఆదివారమే. ఒక్కో బట్టకీ ఇస్త్రీపెట్టె వేడి చేస్తే కరెంటు దండగని మా ఆయన శాసనం. మాట మంచిదే, నేనూ కాదనలేదు. కానీ నర్సుగా నా మొదటి రోజున, యూనిఫాం కుడి చెయ్యి ఇస్త్రీ అయి ఎడమ చెయ్యి పరుస్తుండగా వచ్చి ప్లగ్గు పీకేశాడు.

"ఒక్క జతకి ఇంత కరెంటా? మిగిలిన వేడితో రుమాలు ఇస్త్రీ చేసుకో" అన్నాడు.

ఆ ముడతల చెయ్యి చూసి వార్డంతా నవ్వింది. నేనది మనసులో పెట్టుకున్నాను.

ఇవాళ గురువారం. ఆయనకి మేనేజరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఇస్త్రీ చొక్కా మీద కాఫీ ఒలకబోసుకుని, నలిగిన చొక్కా ఇంకోటి తీసి, పిల్లిలా చప్పుడు లేకుండా పెట్టె వేడి చేసుకున్నాడు. గుమ్మంలో నిలబడి చూశాను. తొందరపడలేదు. కాలరు అయింది, కుడి చెయ్యి అయింది. ఎడమ చెయ్యి పరిచాడు.

అప్పుడు వెళ్లి ప్లగ్గు పీకి గుప్పిట్లో బిగించాను.

"ఏమిటే ఇది? టైమైపోతోంది!"

"ఒక్క చొక్కాకి ఇంత కరెంటా?" అంటూ నలిగిన రుమాలు చేతికిచ్చాను. "మిగిలిన వేడితో ఇది ఇస్త్రీ చేసుకోండి. అక్కడ చెమటలు తుడుచుకోవాలిగా!"