చేపకు అమ్మవారు పోసిన వారం

నేను ఒక పసిపిల్లల స్నానపు తొట్టిని. కరిగిన నీలం ప్లాస్టిక్కును అచ్చులో పోసి, నా అంచుమీద ఒక బాతుబొమ్మ ఒత్తారు. ఆ బాతును చూసి ముచ్చటపడి కాకినాడలో ఒకరు నన్ను కొన్నారు. వాళ్ళబ్బాయి నడక నేర్చాక పక్కింటి సత్యవేణికి ఇచ్చేశారు. పిల్లలు నాలో ఉన్నంతసేపూ ఏడుస్తారు, పెద్దయ్యాక నన్ను తలుచుకోరు. నేనేమీ అనుకోను.

సత్యవేణి వట్టి భయస్తురాలు. కూతురు లోహితకు నీళ్ళు పోసేముందు మోచెయ్యి ముంచి చూసేది. వేడనిపిస్తే చన్నీళ్ళు, చల్లబడ్డాయనిపిస్తే వేణ్ణీళ్ళు. ఈలోపు పొయ్యిమీద పప్పు మాడేది. లోహిత పెద్దదయ్యాక నన్ను మేడమీద బోర్లించారు.

లోహితకు ఐదేళ్ళప్పుడు గాజుతొట్టిలో ఒక గోల్డ్‌ఫిష్ వచ్చింది. పేరు జిలేబి. దానికి తోడుండాలని ఎగ్జిబిషన్‌లో ఇంకో చేపను కొని, కవరు విప్పి తిన్నగా జిలేబి పక్కన వదిలారు. ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టరు కదా! మూడోరోజుకు చుట్టం చచ్చిపోయింది. వారం తిరక్కుండా జిలేబి ఒంటినిండా బొంబాయిరవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు.

సత్యవేణి అత్తగారు నూకరత్నం కళ్ళజోడు సర్దుకుని చూసింది.

“అమ్మవారు పోసిందే దీనికి! వేరే పెట్టు. పసుపు కలిపి నాలుగు వేపరెబ్బలు వెయ్యి.”

“చేపక్కూడానా అత్తయ్యా?”

“ఏం, అది ప్రాణం కాదా?”

అలా నేను మేడ దిగాను. నీళ్ళు, పసుపు, వేపాకు, మధ్యలో జిలేబి. మధ్యాహ్నానికి అది పైకి తేలి, నోరు తెరుచుకుని ఆయాసపడసాగింది. లోహిత నా అంచు పట్టుకుని కూర్చుంది.

“అమ్మా, ఇది కూడా చచ్చిపోద్దా?”

సత్యవేణి చేపతోపాటు కొట్లో ఇచ్చిన మందు డబ్బా తీసి తిప్పి చూసింది. ఎనిమిదితో బడి మానేసిన మనిషి. దానిమీద ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలే. చేపల కొట్టు మీరా సాహెబ్‌కు ఫోను చేసి, స్పీకరు పెట్టి నా పక్కన కూర్చుంది.

“పసుపేశారా! పులుసు పెడుతున్నారేంటమ్మా?” అని నవ్వాడాయన. ఇవతల నవ్వు వినబడకపోయేసరికి గొంతు తగ్గించాడు. “ముందు నీళ్ళు మార్చండి. అప్పుడే పట్టిన కుళాయినీళ్ళు వద్దు, నిన్నటివి పొయ్యండి. తొట్టి ఎన్ని లీటర్లు?”

“లీటర్లు తెలీదండి.” ఆమె సిగ్గుపడింది. “చెంబులు తెలుసండి. పదహారు.”

“అంత కచ్చితంగా ఎలా తెలుసు?”

“మా పాపకి రోజూ పోసేదాన్ని కదండి.”

“అయితే చెంబుని లీటరనుకోండి. రెండు చెంబులకి ఒక చిన్న చెంచా కల్లుప్పు. ఒక్కసారే గుమ్మరించెయ్యకండి, రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా కలపండి. రోజూ నాలుగు చెంబులు తీసి, నాలుగు పొయ్యండి. కొత్తగా పోసిన నీళ్ళకే ఉప్పు. మేత సగం చాలు. చుక్కలు పోయినా ఇంకో వారం అందులోనే ఉంచండి. వేరే పెట్టారు చూడండి, అది మట్టుకు మంచి పని.”

“నే చెప్పలా!” అంది వంటింట్లోంచి నూకరత్నం. పసుపు సంగతి ఆవిడకు వినపడలేదు.

మూడోరోజుకు చుక్కలు ఇంకా పెరిగాయి. సత్యవేణి కంగారుగా మళ్ళీ ఫోను చేసింది. “ఆగండమ్మా,” అన్నాడాయన. ఆగడమే ఆమెకు చేతకాని పని. అయినా ఆగింది. చెంబులు లెక్కపెడుతూ ఆగింది. తొమ్మిదోరోజు పొద్దున జిలేబి మేతగింజ కోసం నా గోడను మూతితో పొడిచింది. సత్యవేణి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. మనుషులు భయం పోయాకే ఏడుస్తారు, ఎందుకో నాకు తెలీదు.

చుక్కలు పోయాక ఇంకో వారం నాలోనే ఉండి, జిలేబి గాజుతొట్టికి వెళ్ళిపోయింది. నెల తర్వాత మళ్ళీ ఒక కొత్త చేప వచ్చింది. ఈసారి తిన్నగా నా దగ్గరికే తెచ్చారు.

“దీనికేం జబ్బులేదు కదమ్మా! జిలేబి దగ్గరెయ్యి,” అని లోహిత కాళ్ళు నేలకేసి కొట్టింది.

“ఉందో లేదో మూడు వారాలు చూద్దాం,” అంది సత్యవేణి. ఆ గొంతులో కంగారు లేదు.

ఇవాళ పదకొండోరోజు. చేప హాయిగా తిరుగుతోంది. రోగికి చేసిన సేవ నలుగురికీ కనబడుతుంది. రాని రోగాన్ని ఆపినవాళ్ళను చూసి ఎవరూ ఏడవరు, ఎవరూ దణ్ణం పెట్టరు. మూడు వారాలయ్యాక దీన్ని తీసుకెళ్ళి, “చూశావా, ఏమీ కాలేదు” అంటారు.

ఏమీ కాకపోవడమే ఇప్పుడు నా ఉద్యోగం.