గంగామణి వాంగ్మూలం

"మొత్తుకున్నవా లేదా? గదే చెప్పు."

అదాలత్ గుమాస్తా అయిన పేష్కారు మళ్లీ అదే అడిగాడు. ప్రశ్న అతనిది కాదు. ముద్దాయి తరఫు వకీలు ఉర్దూలో అడుగుతాడు, పేష్కారు దాన్ని తెలుగులో గంగామణికి చెబుతాడు, ఆమె జవాబును ఉర్దూ చేసి మున్సిఫుకు వినిపిస్తాడు. పొద్దున్నుంచి కామారెడ్డి అదాలత్ బోనులో నిలబడి ఆమె కాళ్లు మొద్దుబారాయి. ఎడమ చేతి మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. కుడిచేత్తోనే బోను కమ్మీ పట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద వేసి నిలబడింది.

"మొత్తుకున్న. నోట్లె తువాల కుక్కెదాక మొత్తుకున్న."

"కుక్కినంక?"

"కుక్కినంక ఎట్ల మొత్తుకుంటరు సాబ్?"

వెనక బెంచీల మీద ఎవరో నవ్వారు. ముద్దాయి లక్ష్మీరాజం నవ్వలేదు. ఊరి పోలీసు పటేలుకు స్వయానా తమ్ముడు కాబట్టి అతనికి కుర్చీ వేయించారు. ఎండలు మండిపోతున్నా మెడదాకా బొత్తాలు పెట్టిన షేర్వాణీలో, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

జరిగింది జొన్న కోతల్లో. ఎల్లారెడ్డి కింది పల్లెలో పటేలు చేను కోయడానికి, మనిషికి అడ్డెడు జొన్నల కూలికి పోయిన ఆడవాళ్లలో గంగామణి ఒకతె. పొద్దు వాలేవేళ అందరూ చేను దిగుతుంటే, కొడవలి మరిచిపోయి తానొక్కతే వెనక్కి వెళ్లింది. జొన్నల్లోంచి ఇద్దరు లేచారు. ఒకడు వెనక నుంచి జుట్టు పట్టి కింద పడేశాడు. రెండోవాడు ముఖం మీద మోకాలు పెట్టి తువాల కుక్కాడు. కాళ్లు పట్టి జొన్న కొయ్యల మీదుగా ఈడ్చుకుపోతుంటే వీపు చీరుకుపోయింది. గట్టు మీద ఆగిన, తెరలు కట్టిన కచ్చడం బండిలో లక్ష్మీరాజం కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

పటేలు మక్తాకు తీసుకున్న మామిడితోట ఇంట్లో ఆమెను మూడు దినాలు పెట్టారు. అక్కడ అతను తనకు చేసింది గంగామణి ఈ పొద్దు ఇంతమంది మగవాళ్ల ముందు చెప్పింది. చెప్పినంతా చెప్పాక, "ఇంకొంచెం వివరంగా" అన్నాడు వకీలు. మళ్లీ చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమెకు సిగ్గు కలగలేదు. ఆ గదిలో పీల్చిన సారా వాసన మళ్లీ ముక్కుకు తగిలింది, అంతే.

"గప్పుడు నన్ను బండి మీదికి గుంజిండ్రు" అంది ఆమె, వకీలు బండి సంగతి మళ్లీ ఎత్తితే.

పేష్కారు మున్సిఫు వైపు తిరిగి చెప్పిన మాటల్లో "బైఠీ" అన్నది ఆమె చెవిన పడింది. పటేలు ఇంటికి వచ్చే జవాన్ల నోట ఆ మాట ఆమె చిన్నప్పటి నుంచి వింటున్నదే.

"సాబ్, కూసున్న అనలే నేను" అంది గంగామణి. "గుంజిండ్రు అన్న. బైఠీ అని రాయకున్రి."

మున్సిఫు తలెత్తాడు. నెరిసిన గడ్డం, అలసిన కళ్లు. తెలుగు అంతంత మాత్రమే వచ్చినా, ఆమె చేత్తో జుట్టు పట్టి లాగినట్టు చూపించేసరికి అర్థమైంది. పేష్కారును ఏదో గద్దించాడు. పేష్కారు తడబడి, రాసింది కొట్టేసి, "జబర్దస్తీ" అని పలుకుతూ రాశాడు.

వకీలు ఏమీ నొచ్చుకోలేదు. జబర్దస్తీ అయితే ఒంటి మీద గాయాలేవి అన్నాడు. ఎల్లారెడ్డి దవాఖానాలో ఈమెను చూసేనాటికే నెల దాటింది. మానిన మచ్చలు, అతుక్కున్న మణికట్టు ఉన్నాయి, కింద పడినా అలాంటివి కావచ్చని డాక్టరు రాశాడు. నిజంగా మానం పోయిన ఆడది నెల దినాలు ఊరుకుంటుందా అన్నాడు.

నెల దినాలు ఎందుకు పట్టిందో గంగామణి చెప్పింది. ఊళ్లో ఫిర్యాదు ఎవరికి చెప్పుకున్నా పోలీసు పటేలుకే చెప్పాలి. ఆమె మగడు సిద్దిరాములు వెళ్లి చెప్పాడు. పటేలు అంతా విని, చావడి దూలానికి అతని చేతులు కట్టించి, చింత బరికెలు విరిగేదాకా కొట్టించాడు. విరిగిన కొద్దీ కొత్తవి తెప్పించాడు. కట్లు విప్పితే సిద్దిరాములు నేల మీద మూత్రంలో పడ్డాడు. అతను లేచి నడిచేదాకా ఆమె కదలలేకపోయింది. నడిచాక కూడా ఊరి దార్లన్నిటా మనుషులు కాపలా ఉన్నారు. చివరికి అడవి పట్టి ఎల్లారెడ్డి చేరారు.

"చావడి సంగతికి సాక్ష్యం ఉందా?" అన్నాడు వకీలు.

"ఊరంత ఉంది."

"ఊరంతా రాలేదు కదా."

నిజమే, రాలేదు. వచ్చినవాడు పోచన్న ఒక్కడే. మంచె మీద పిట్టలు తోలుతూ, ఆమెను ఈడ్చుకుపోవడం కళ్లారా చూశానని మొదట చెప్పినవాడు. ఈ పొద్దు అదే బోనులో నిలబడి, "కండ్లల్ల దుమ్ము వడ్డది సాబ్, ఏం కనవడలే" అన్నాడు. ఆమె వైపు చూడకుండానే దిగిపోయాడు.

వకీలు ముగింపుకు వచ్చాడు. ఫిర్యాదు ఆలస్యం. గాయాలు పాతవి. చూశానన్నవాడు చూడలేదన్నాడు. మిగిలింది కూలిదాని ఒక్క నోటిమాట. దాని మీద ఒక పెద్ద ఖాందాన్ మనిషిని జైలుకు పంపుతారా అన్నాడు. ఎదురు తిరిగాననే మనిషి అతన్ని ఒక్క గీరు అయినా గీరి ఉండాలి కదా అని కూడా, నవ్వుతూ అన్నాడు.

పేష్కారు తెలుగు చేయగానే గంగామణి కమ్మీ వదిలి నిటారుగా నిలబడింది.

"నా ఒళ్లంత చూసిండ్రు సాబ్. వీపు చూసిండ్రు, చెయ్యి చూసిండ్రు, దవాఖాన్ల చూడరానియి చూసిండ్రు. ఆయనది ఏం చూసిండ్రు? ఆ షేర్వాణీ కుడిచెయ్యి పైకి తియ్యమనున్రి."

వకీలు లేచి అభ్యంతరం చెబుతుండగానే మున్సిఫు చేత్తో సైగ చేశాడు. లక్ష్మీరాజం తన వకీలు ముఖం చూశాడు, తలుపు వైపు చూశాడు. జవాను దగ్గరికి వచ్చాక మెల్లగా షేర్వాణీ చేతిని పైకి లాగాడు. మోచేతి కింద రెండు వంపులుగా తెల్లటి మచ్చ ఉంది. మాంసం లోపలిదాకా తెగి మానిన మచ్చ.

"కుక్క కరిచింది" అన్నాడు లక్ష్మీరాజం.

"నేను కరిసిన" అంది గంగామణి. "కరిసినందుకు కందిలి దీపం తోని కొట్టి గీ పన్ను ఇరగ్గొట్టిండు." నోరు తెరిచి చూపించింది. ముందు పన్ను సగానికి విరిగి ఉంది.

మున్సిఫు చాలాసేపు ఆ చేతిని చూశాడు. తర్వాత కలం తీసుకుని తానే రాసుకున్నాడు. రాశాక, పేష్కారు ద్వారా కాకుండా తనకు వచ్చిన తెలుగులో నేరుగా ఆమెతోనే అన్నాడు.

"మచ్చ ఉన్నది, రాసిన. ఎవరు కరిసిండ్రో మచ్చ చెప్పదు, అమ్మా. చెప్పేవాళ్లు కావాలె."

విచారణ వాయిదా పడింది.

బయట అరుగు కింద పోచన్న గోడకు ఆనకుండా, ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. అతన్ని చూడగానే సిద్దిరాములు ఒళ్లు మరిచాడు. ఉరికిపోయి డొక్కలో తన్నాడు. పోచన్న పక్కకు ఒరిగాడు కానీ చేయి అడ్డం పెట్టలేదు. మళ్లీ తన్నబోతుంటే గంగామణి మగని రెక్క పట్టి ఆపింది. పోచన్న అంగీ వెనకంతా నల్లగా, తడిగా వీపుకు అతుక్కుపోయి ఉంది. ఈగలు ముసురుతున్నాయి.

"ఎవలు కొట్టిండ్రన్నా?"

"రాత్రి గొడ్ల కొట్టంల ఏసి కొట్టిండ్రు చెల్లె." పోచన్న మాట బయటకు రావడం కష్టంగా ఉంది. "దెబ్బలకైతె ఓర్చుకుందును. నా పెండ్లాన్ని గూడ గా తోటకే తీస్కపోతమన్నరు."

పొద్దున అతను దిగిపోతుంటే ముఖాన ఉమ్మెయ్యాలనిపించింది గంగామణికి. ఇప్పుడు పక్కన కూర్చుని, అంగీని పుండ్ల నుంచి విడదీయడానికి చేయి చాపింది.

"మల్ల పిలుస్తరా నన్ను?" అన్నాడు పోచన్న. "పిలిస్తె ఉన్నది చెప్త."

అటుగా వెళ్తున్న సర్కారు వకీలు ఆ మాట విని ఆగాడు. "రెండు మాటలు చెప్పినోని మాట అదాలత్‌ల చెల్లది. ఇంకెవలన్న ఉన్నరా చూసుకోండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఎదురుగా రోడ్డు మీద పటేలు బండి వచ్చి ఆగింది. లోపల అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. బండి తోలేవాడు చర్నాకోలతో దిగి వచ్చాడు.

"లే పోచా. బండెక్కు."

పోచన్న లేవలేదు.

"చెప్తె ఇనవడ్తలేదా? లే."

"నేను రాను" అన్నాడు పోచన్న నేల చూస్తూ. "బండి ఎక్క నేను."

చర్నాకోల లేచింది. మొదటి దెబ్బకు పాత పుండ్లు పగిలి, నెత్తురు గంగామణి ముఖం మీద చిందింది. రెండో దెబ్బకు పోచన్న నేలకు కరుచుకున్నాడు. మూడో దెబ్బ పడేలోపు ఆమె చర్నాకోల తోలును పట్టుకుంది. అరచేయి కోసుకుపోయినా వదల్లేదు. బండివాడు గుంజితే మోకాళ్ల మీద ఈడ్చుకుపోతూ కూడా వదల్లేదు. సిద్దిరాములు వచ్చి వాడి నడుము పట్టి పడేశాడు.

గంగామణి లేచి అరుగు వైపు తిరిగింది. వకీళ్లున్నారు. జవాన్లున్నారు. పేషీలకు వచ్చిన ఊళ్లవాళ్లున్నారు. పేష్కారు చంకలో కాగితాల కట్టతో గడపలోనే నిలిచిపోయాడు.

"చూసిండ్రు గద" అంది ఆమె రొప్పుతూ. "అందరు చూసిండ్రు. ఎవలు చెప్తరు?"

ఒక వకీలు గొడుగు విప్పుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. పేష్కారు కాగితాల కట్టను సర్దుకున్నాడు.

వేపచెట్టు కింద ముంజలు అమ్ముకుంటున్న ముసలామె కత్తిని గంపలో పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుని, మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది.

"నేను చూసిన బిడ్డా."

"పేరు చెప్పాలె అవ్వా" అంది గంగామణి. "రాసుకుంటరు."

ముసలామె బండి వైపు చూసింది. పటేలు తెర తొలగించి ఆమెనే చూస్తున్నాడు.

"మంగవ్వ" అంది. పేష్కారు వైపు తిరిగి ఇంకొంచెం గట్టిగా అంది. "దోమకొండ మంగవ్వ. రాసుకో."

పేష్కారు కలం తీయలేదు. పటేలు బండి దిగుతున్నాడు.