పాత ఫోను పోయాక

సాయంత్రం ఏడవుతోందంటే మురళీధర్‌కు గుండెల్లో రాయి పడేది. నంద్యాలలో అతను పనిచేసే విత్తనాల కంపెనీ మేనేజర్ ఆదినారాయణ, ఆ రోజు ఎవరెన్ని విత్తన మళ్లు చూశారో సరిగ్గా ఆ వేళకే గ్రూపులో పెడతాడు. గోస్పాడు వైపు తిరిగే హిమజ పేరు పక్కన పద్నాలుగు. ఆళ్లగడ్డ వైపు తిరిగే మురళీధర్ పేరు పక్కన ఐదు. కోతలయ్యేలోపు ఎవరు ఎక్కువ మళ్లు చూస్తే వాళ్లకే ఆఫీసులో సీనియర్ కుర్చీ. ఇరవై ఏళ్లుగా బైకు మీద నడుము విరగ్గొట్టుకుంటున్నవాడికి ఆ కుర్చీ మీద ఎంత ఆశ ఉంటుందో వేరే చెప్పాలా?

"నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల!" అని పళ్లు నూరేవాడు.

తప్పంతా తన ఫోనుదేనని అతని నమ్మకం. మరీ ఉత్త నమ్మకమూ కాదు. కంపెనీ ఆ ఫోను ఇచ్చి తొమ్మిదేళ్లయింది. మడి దగ్గర ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. అది ఎక్కడానికి అరగంట పట్టేది. ఎండకు ఫోను కాలిపోయి మధ్యలో ఆరిపోతే మళ్లీ మొదటికే. కొత్త యాప్ దానికి పట్టదు, పాత యాప్‌ను పట్టించుకునే దిక్కు లేదు. ఫోటో ఎక్కేదాకా ఊరికే నిలబడలేక మురళీధర్ మళ్లోకి దిగి కేళీలు పీకేవాడు. నాటిన రకం కాకుండా మధ్యలో ఎత్తుగా లేచే వేరే రకం వరి అది. విత్తనంలో కలిసిందంటే కంపెనీ ఆ రైతు పంటను ముట్టుకోదు.

నిజానికి రెండేళ్ల కిందట కొత్త ఫోన్లు వచ్చినప్పుడు ఆదినారాయణ మొదట అడిగింది అతన్నే. "నాది బాగానే ఉంది సార్" అన్నాడు గొప్పగా. ఆ పాత ఫోను ఆఫీసులో అందరికంటే ముందు అందింది తనకు. జేబులో పెట్టుకుని తిరుగుతుంటే అందరూ కుళ్లుకున్నారు. ఆ సుఖం వదులుకోబుద్ధి కాలేదు. ఇప్పుడు కుళ్లుకోవడం తన వంతయింది.

చివరికి పౌరుషం చంపుకుని మేనేజర్ ముందు నిలబడ్డాడు.

"ఇన్నాళ్లకు దారికొచ్చినావు కదప్పా" అంటూ ఆదినారాయణ పాత ఫోను తీసుకుని కొత్త డబ్బా చేతిలో పెట్టాడు.

అక్కడే ఉన్న హిమజ, "యాప్ ఎట్లనో చూపిచ్చేదా అన్నా?" అంది.

"అంత తెలీనోన్నేం కాదులేమ్మా."

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. మురళీధర్‌కు అదీ సంతోషంగానే ఉంది.

మర్నాడు ఆళ్లగడ్డ పొలాల్లో ఫోటో తీయడమే ఆలస్యం, ఎక్కిపోయింది. గట్టు దిగే పని లేదు. మాధవయ్య అనే రైతు మడి దగ్గర కూడా బైకు దిగకుండానే ఫోటో తీశాడు.

"ఏందప్పా, మళ్లోకి దిగకుండానే పోతాండావ్?" అన్నాడు మాధవయ్య.

"ఫోటో పోయిందన్నా."

"అది పోతే పోనీ. కేళీలో?"

"రేపు చూస్తాలే" అని బండి ఉరికించాడు.

ఆ సాయంత్రం ఏడింటికి గ్రూపులో హిమజ పద్నాలుగు, మురళీధర్ పద్నాలుగు. ఎన్నో రోజుల తర్వాత అన్నం సహించింది. కానీ కడుపు నిండాక సమానం సరిపోలేదు. ఆ పిల్ల తప్పు ఒక్కటి దొరికితే చాలు, ఆదినారాయణ చెవిన వేయొచ్చు. యాప్‌లో హిమజ ఫోటోలన్నీ తెరిచి, వేళ్లతో పెద్దవి చేసి, మడి మడీ గాలించాడు. ఒక్క కేళీ కనపడలేదు. ఫోటోల కింద వేళలు మాత్రం కనపడ్డాయి. పాత యాప్ ఇవేవీ చూపించేది కాదు. మొదటిది పొద్దున ఆరుకు. చివరిది సాయంత్రం ఆరు దాటాక. ఒక్కో మడికి ముప్పావుగంట.

తనవి పద్నాలుగూ పదింటికి మొదలై ఒంటిగంటకు అయిపోయాయి.

చేయి ఆగక మాధవయ్య మడి ఫోటో కూడా పెద్దది చేశాడు. పైరు మీద తలలెత్తి మూడు కేళీలు. సిగ్గేసింది. పాత ఫోనే ఉంటే బాగుండేదనిపించింది. దాన్నయినా తిట్టుకునేవాడు.

మర్నాడు ఆరు కాకముందే మాధవయ్య మడి గట్టున బైకు ఆపాడు.

"ఏమప్పా, ఇంత పొద్దున్నే?"

"నిన్న ఫోను వచ్చిపోయిందన్నా. ఈ పొద్దు నేనొచ్చినా."

ఈ రోజు మొదటి ఫోటో తనదేనని యాప్ తెరిచాడు. గోస్పాడు నుంచి హిమజది అప్పటికే ఎక్కి ఉంది. కడుపు భగ్గుమంది. ఫోను జేబులో పడేసి, ఆ మంటతోనే మళ్లోకి దిగి, మొదటి కేళీని వేర్లతో సహా పీకాడు.